బహుళైచ్ఛిక ప్రశ్న: సరైన జవాబు కన్నా తప్పు జవాబులు రాయడమే కష్టం

పాఠాలు తయారు చేసే ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా బహుళైచ్ఛిక ప్రశ్న పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. పైన ప్రశ్న రాయడానికి ఒక పెద్ద బాక్స్, కింద ఆప్షన్లకు చిన్న బాక్సులు, సరైనదాని పక్కన టిక్ పెట్టడానికి ఒక గడి, చివర్లో సేవ్ బటన్. ఎవరూ నేర్పకపోయినా ఐదు నిమిషాల్లో వాడేయొచ్చు. అందుకే ఆన్‌లైన్ పాఠాలు చేసేవాళ్లలో ఎక్కువమంది మొదట పట్టుకునేది ఈ రకం ప్రశ్ననే.

అదే పేజీని కొంచెం కిందికి జరిపి చూడండి. జవాబు ఒకటేనా, ఒకటి కంటే ఎక్కువా? ఆప్షన్ల వరస ప్రతిసారీ మారాలా? తప్పు ఆప్షన్‌కి సున్నానా, మైనస్ మార్కులా? ప్రతి ఆప్షన్‌కీ విడిగా ఫీడ్‌బ్యాక్ ఇస్తారా? మళ్లీ ప్రయత్నించనిస్తారా? ఇస్తే ఎంత కోత పెడతారు? మీరు వీటిని ముట్టుకోకపోయినా సాఫ్ట్‌వేర్ ఆగదు. ప్రతిదానికీ ముందే ఒక జవాబు పెట్టుకుని ఉంటుంది. మీ విద్యార్థి ఎవరో, ఆ పరీక్ష ఎందుకో తెలియకుండా ఎవరో ప్రోగ్రామర్ పెట్టిన జవాబులవి. మూడిల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ప్రయత్నించినప్పుడు పడే కోత మామూలుగా మూడోవంతు, అంటే 33.33 శాతం. వెబ్ పేజీల్లో పెట్టే ప్రశ్నలు తయారుచేసే హెచ్5పీ అనే పనిముట్టులో వరస మార్చడం, మళ్లీ ప్రయత్నించడం, జవాబు చూపించడం మూడూ ముందే ఆన్‌లో ఉంటాయి. ఇంట్లో చేసుకునే అభ్యాసానికి ఇది చక్కగా సరిపోతుంది. మార్కులు లెక్కకొచ్చే పరీక్షకు మాత్రం, విద్యార్థి జవాబు చూసేసి మళ్లీ రాయడానికి తలుపు తెరిచిపెట్టినట్టే.

ఈ గడుల్లో ఏది దేనికోసమో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో ఈ వ్యాసంలో విడమరిచి చెబుతాను. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగేది మాత్రం తప్పు ఆప్షన్ల దగ్గర. అక్కడ శ్రద్ధ పెట్టకపోతే మిగతా సెట్టింగులు ఎంత బాగా పెట్టినా ఆ ప్రశ్న వల్ల ఏమీ తెలియదు.

ముందుగా, ఈ రూపం ఎక్కడిదో కొంచెం. బహుళైచ్ఛిక ప్రశ్నకు ఆద్యుడిగా చెప్పుకునేది అమెరికాలోని కాన్సాస్‌కు చెందిన ఫ్రెడరిక్ కెల్లీని. 1915 నాటి ఆయన పఠన పరీక్షలో పిల్లలు జవాబు కింద గీత గీయడమో, చుట్టూ సున్నా చుట్టడమో చేస్తే చాలు. దిద్దేవాళ్లను బట్టి మార్కులు మారిపోకూడదన్నది ఉద్దేశం. 1938లో ఐబీఎం 805 అనే యంత్రం వచ్చింది. పెన్సిల్ గ్రాఫైట్ గుండా విద్యుత్తు పారుతుంది కాబట్టి, ఏ గడి నింపారో దాన్ని బట్టి ఆ యంత్రం మార్కులు లెక్కగట్టేది. అంటే మొదటి నుంచీ ఈ ప్రశ్నను తీర్చిదిద్దింది 'త్వరగా, ఒకేలా దిద్దాలి' అన్న అవసరమే. విద్యార్థి తప్పు చేస్తే ఏం చెప్పాలి అన్నది ఆ కాగితం మీద ఎక్కడా లేదు, ఉండే వీలూ లేదు. ఆ చోటు ఇచ్చింది కంప్యూటర్. ప్రతి ఆప్షన్ పక్కన కనిపించే ఫీడ్‌బ్యాక్ బాక్స్ అదే. ఎక్కువమంది ఖాళీగా వదిలేసేదీ దాన్నే.

మూడు దశాంశ సంఖ్యల కథ

ఒక ప్రశ్నను దగ్గరగా చూద్దాం. దశాంశ సంఖ్యల్లో ఏది పెద్దదో పిల్లలకు తెలుసా లేదా అని పరీక్షించాలి. చాలామంది ఇలా రాస్తారు:

కింది వాటిలో పెద్ద సంఖ్య ఏది? 0.5, 0.35, 0.125

సరైన జవాబు 0.5. మామూలు సంఖ్యల అలవాటుతో 125 పెద్దది కదా అనుకున్న పిల్ల 0.125 ఎంచుకుంటుంది. ఆమె పొరపాటు మనకు దొరికింది. కానీ ఇంకో పిల్లవాడున్నాడు. 'చుక్క తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే ఆ సంఖ్య అంత చిన్నది' అని మనసులో ఒక సూత్రం కట్టుకున్నాడు. పదోవంతు కంటే వందోవంతు చిన్నదని విని, దాన్ని అలా సాగదీసుకున్నాడు. అతను కూడా 0.5 మీదే నొక్కుతాడు. పూర్తి మార్కులు వస్తాయి. తెర మీద పచ్చ టిక్ చూసి తన సూత్రం సరైనదేనని మరింత గట్టిగా నమ్ముతాడు. అలా ఆ ప్రశ్న అతనికి తప్పు నేర్పి పంపింది.

ఇప్పుడు అంకెలు మాత్రమే మారుద్దాం:

కింది వాటిలో పెద్ద సంఖ్య ఏది? 0.4, 0.73, 0.685

సరైనది 0.73. మామూలు సంఖ్యల్లా చూసే పిల్ల 0.685 దగ్గరికి పోతుంది. 'పొట్టిదే పెద్దది' అనుకునే పిల్లవాడు 0.4 దగ్గరికి పోతాడు. మూడు ఆప్షన్లు, మూడు ఆలోచనలు. ఎవరు ఏది నొక్కారో చూస్తే వాళ్ల తలలో ఏముందో ఊహించవచ్చు. గుడ్డిగా నొక్కేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఒక్క ప్రశ్నతో తేల్చేయలేం, ఇలాంటివి రెండు మూడు అడగాలి. అయినా మొదటి ప్రశ్నకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఖర్చయింది రెండు నిమిషాల ఆలోచన మాత్రమే.

ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ బాక్సులు. 0.685 పక్కన 'తప్పు, మళ్లీ ప్రయత్నించండి' అని రాస్తే ఆ పిల్లకు ఏం తెలిసింది? నేనైతే ఇలా రాస్తాను: '685 అనే సంఖ్య 73 కంటే పెద్దదే. కానీ ఇక్కడ చుక్క తర్వాత మొదటి అంకె పదోవంతులను చెబుతుంది. 0.685లో పదోవంతులు ఎన్ని? 0.73లో ఎన్ని?' ఇక 0.4 పక్కన: 'చుక్క తర్వాత ఒకటే అంకె ఉందని దీన్ని ఎంచుకున్నావా? 0.4 పక్కన ఒక సున్నా చేర్చి 0.40 అని రాసి, 0.73తో పోల్చి చూడు.' రెండింటిలోనూ జవాబు చెప్పేయలేదు. పిల్లలు ఏ మలుపులో దారి తప్పారో అక్కడే వాళ్లను నిలబెట్టాం. సరైన ఆప్షన్ పక్కన కూడా ఖాళీ వదలను: '7 పదోవంతులు, 6 పదోవంతులు, 4 పదోవంతులు. అందుకే 0.73 పెద్దది.' ఊహించి నొక్కినవాడికి కూడా కారణం చేతికి అందాలి కదా.

బహుళైచ్ఛిక ప్రశ్న మీద అందరికీ ఉన్న ఫిర్యాదు అది బట్టీని పెంచుతుందని. నిజమే, చాలా ప్రశ్నలు అలాంటివే. కానీ పై ప్రశ్నలో బట్టీ పట్టడానికి ఏముంది? లోపం రూపంలో లేదు. సరైన జవాబు రాసేశాక, మిగిలిన మూడు బాక్సులు నింపాలి కాబట్టి ఏదో ఒకటి నింపేయడంలో ఉంది.

అందుకే నేను ప్రశ్నను ఆప్షన్లతో మొదలుపెట్టను. ముందు ఖాళీగా, ఆప్షన్లు లేకుండా, అదే ప్రశ్నను విద్యార్థులకు ఇచ్చి కాగితం మీద జవాబు రాయమంటాను. వాళ్లు రాసిన తప్పుల్లో పదే పదే కనిపించేవే నా ఆప్షన్లు. అవకాశం లేనప్పుడు పాత జవాబు పత్రాలు తిరగేసినా సరిపోతుంది. ఫిజిక్స్ బోధనలో 1992లో వెలువడిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే ప్రసిద్ధ పరీక్షలో తప్పు ఆప్షన్లన్నీ బలం, చలనాల గురించి విద్యార్థులకు నిజంగా ఉండే అపోహల నుంచి తీసుకున్నవే. సూత్రాలతో లెక్కలు చక్కగా చేసే విద్యార్థులు కూడా ఆ మామూలు మాటల ప్రశ్నల దగ్గర తడబడటం ఎందరో ఉపాధ్యాయులను కదిలించింది.

ఎన్ని ఆప్షన్లు?

నాలుగు బాక్సులు కనిపిస్తే నాలుగూ నింపాలనిపిస్తుంది. అవసరం లేదు. మైకేల్ రోడ్రిగెజ్ 2005లో దాదాపు 80 ఏళ్ల పరిశోధనలను కలిపి విశ్లేషించి, చాలా సందర్భాల్లో మూడు ఆప్షన్లు చాలని తేల్చాడు. నాలుగోది, ఐదోది సాధారణంగా ఎవరూ ఎంచుకోనివే అవుతాయి. చదివే సమయం మాత్రం పెరుగుతుంది.

మూడే అయితే ఊహించి నెగ్గుతారని భయపడేవారికి లెక్క చెబుతాను. 10 ప్రశ్నల పరీక్షలో ఏమీ తెలియని వ్యక్తి గుడ్డిగా నొక్కి కనీసం సగం మార్కులు తెచ్చుకునే అవకాశం నాలుగు ఆప్షన్లయితే సుమారు 8 శాతం, మూడయితే 21 శాతం. తేడా పెద్దదే. కానీ ప్రశ్నలను 20కి పెంచితే మూడు ఆప్షన్లతో అది 9 శాతానికి పడిపోతుంది. అంటే పస లేని నాలుగో ఆప్షన్ కోసం తల బద్దలుకొట్టుకోవడం కంటే, మూడు మంచి ఆప్షన్లతో ఎక్కువ ప్రశ్నలు అడగడమే మేలు. పైగా, చూడగానే తీసిపారేసే ఆప్షన్ ఉన్న ప్రశ్న పేరుకే నాలుగు ఆప్షన్లది, ఊహించేవాడికి అది మూడు ఆప్షన్లదే.

రేడియో బటనా, చెక్‌బాక్సా

ఒకటే జవాబు ఉంటే గుండ్రటి బటన్లు, ఎక్కువ ఉంటే చతురస్రపు గడులు కనిపిస్తాయి. పాత కారు రేడియోలో ఒక మీట నొక్కితే మిగతావి పైకి లేచేవి. రేడియో బటన్ అన్న పేరు అక్కడిదే. విద్యార్థికి ఆ తేడా తెలియకపోవచ్చు కాబట్టి 'సరైనవన్నీ ఎంచుకోండి' అని ప్రశ్నలోనే రాయాలి.

ఒకటి కంటే ఎక్కువ జవాబులున్న ప్రశ్నకు మార్కులు పంచడంలో ఒక పెద్ద గుంట ఉంది. అందులో నేను పడ్డాను. ఆరు ఆప్షన్లు, అందులో మూడు సరైనవి. సరైన ఒక్కోదానికీ 33.33 శాతం ఇచ్చాను. తప్పువాటికి సున్నా వదిలేశాను, అది న్యాయంగానే అనిపించింది. ఫలితాలు వచ్చాక చూస్తే పాఠమే తెరవని ఒకరికి పూర్తి మార్కులు. ఆరు గడులూ టిక్ చేశారు. మూడు సరైనవి అందులో ఉన్నాయి, తప్పువాటికి పోయిందేమీ లేదు. సాఫ్ట్‌వేర్ నేను చెప్పిందే చేసింది. ఆ ఒక్క ప్రశ్నను తీసేసి అందరి మార్కులూ మళ్లీ లెక్కకట్టాల్సి వచ్చింది. నిజాయితీగా ఆలోచించి రెండే టిక్ చేసినవాళ్లు వచ్చి 'మేం ఆలోచించడమే తప్పా' అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

మందు సులభం. మూడిల్‌లో తప్పు ఆప్షన్లకు మైనస్ శాతం ఇవ్వాలి. మూడు సరైనవి, మూడు తప్పువి ఉంటే అటు ప్లస్ 33.33, ఇటు మైనస్ 33.33. అన్నీ టిక్ చేస్తే సున్నా. చెక్‌బాక్సుల ప్రశ్నలో మొత్తం మైనస్ అయినా మూడిల్ సున్నా దగ్గరే ఆపుతుంది. హెచ్5పీలో తప్పు టిక్‌కు ఒక పాయింట్ తనంతట తనే పోతుంది, కావాలంటే ప్రశ్న మొత్తానికీ ఒకటే పాయింట్ అని పెట్టవచ్చు. 'అన్నీ సరిగ్గా ఉంటేనే మార్కు' అన్న పద్ధతి నాకు నచ్చదు. మూడింటిలో రెండు తెలిసిన విద్యార్థికీ ఏమీ తెలియనివాడికీ తేడా లేకుండా పోతుంది.

ఒకటే జవాబున్న ప్రశ్నల్లో నెగెటివ్ మార్కుల లెక్క వేరు. నాలుగు ఆప్షన్లుంటే తప్పుకు మూడోవంతు తీస్తే గుడ్డిగా నొక్కేవాడి సగటు సున్నా అవుతుంది: నాలుగుసార్లలో ఒకటి కలిసొచ్చి ఒక మార్కు, మిగతా మూడు తప్పులకు మూడు మూడోవంతులు పోయి లెక్క సరిపోతుంది. మూడు ఆప్షన్లయితే సగం తీయాలి. అభ్యాసం కోసం ఇచ్చే ప్రశ్నల్లో మాత్రం నెగెటివ్ మార్కులు పెట్టకండి. తప్పు చేయడానికి భయపడే చోట మీరు రాసిన ఫీడ్‌బ్యాక్ ఎవరికీ కనబడదు.

వరస మార్చడం

పక్కవాడి తెర చూసి కాపీ కొట్టకుండా, 'సరైనది మూడోది' అని గుర్తుపెట్టుకోకుండా వరస మార్చడం మంచిదే. మనకు తెలియకుండానే సరైన జవాబును మధ్యలో పెట్టే అలవాటును కూడా ఇది సరిచేస్తుంది. కానీ 'పైవన్నీ' అన్న ఆప్షన్ రాసి షఫుల్ ఆన్‌లో ఉంచితే అది ఒకరికి మొదట, ఒకరికి రెండో చోట వస్తుంది. 'పైవన్నీ' పైన ఏమీ లేదు. 'ఎ, బి రెండూ' అని రాస్తే ఇంకా ఘోరం, ఏది ఎ, ఏది బి అన్నది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. కాగితపు బిట్ పేపర్లను యథాతథంగా ఎక్కించేటప్పుడు ఇది తప్పకుండా జరుగుతుంది.

షఫుల్ ఆపేస్తే సమస్య తీరుతుంది కానీ, నా మాట అడిగితే 'పైవన్నీ'నే తీసేయండి. ఏవైనా రెండు సరైనవని తెలిస్తే చాలు, మిగతావి తెలియకపోయినా అదే జవాబని తేలిపోతుంది. అవన్నీ నిజంగా సరైనవైతే చెక్‌బాక్సుల ప్రశ్నగా మార్చండి. సంఖ్యలు, తేదీలు, 'ఎప్పుడూ, తరచూ, అప్పుడప్పుడూ' లాంటివి మాత్రం వరసలోనే ఉండాలి, వాటికి షఫుల్ వద్దు. మూడిల్‌లో ఈ సెట్టింగ్ రెండు చోట్ల ఉంటుంది. ప్రశ్నలో ఒకటి, క్విజ్‌లో ఒకటి. రెండూ ఆన్‌లో ఉంటేనే వరస మారుతుంది.

జవాబు బయటపెట్టే తెలుగు

ప్రశ్నలు రాయడం మీద ఇంగ్లీషులో వచ్చిన సలహాలు చాలా ఉన్నాయి. మన భాషలో జవాబు ఎక్కడి నుంచి జారిపోతుందో అవి చెప్పవు. ఈ ప్రశ్న చూడండి:

గుండె నుంచి రక్తాన్ని శరీర భాగాలకు తీసుకెళ్లేవి ______. ఆప్షన్లు: కాలేయం, ధమనులు, మూత్రపిండం.

పాఠం చదవాల్సిన పనే లేదు. 'తీసుకెళ్లేవి' బహువచనం, ఆప్షన్లలో బహువచనం ఒకటే. ధమనులు, సిరలు, కేశనాళికలు అని ఇస్తే అప్పుడది నిజమైన ప్రశ్న. అలాగే ఖాళీ తర్వాత విభక్తి ప్రత్యయం అంటించి రాస్తే దానికి అతికే మాట ఒకటే మిగలవచ్చు. ఖాళీలు వదలకుండా పూర్తి ప్రశ్నగా, 'ఏది', 'ఏవి', 'ఎందుకు' అని అడగడం అన్ని విధాలా క్షేమం.

రెండోది వ్యతిరేకార్థం. 'కింది వాటిలో సరికానిది ఏది' అని అడిగి, ఆప్షన్‌లో 'లోహం కాదు' అని రాస్తే విద్యార్థి కాదు అన్నదానిలో కానిదాన్ని వెతకాలి. పరీక్షిస్తున్నది రసాయన శాస్త్రాన్నా, వాక్యాన్ని విప్పే ఓపికనా? తప్పనిసరైతే 'సరికానిది' అన్న మాటను బొద్దు అక్షరాల్లో పెట్టండి, ఆప్షన్లన్నీ అవునన్న అర్థంలోనే రాయండి. మూడోది పొడవు. సరైన జవాబును ఎవరూ తప్పుపట్టకూడదని 'సాధారణ పీడనం వద్ద, స్వచ్ఛమైన నీటి విషయంలో' అంటూ పెంచుకుంటూ పోతాం, తప్పు ఆప్షన్లు మాత్రం రెండు మాటల్లో ముగుస్తాయి. ఏమీ తెలియనివాళ్లు పొడుగ్గా ఉన్నదే నొక్కుతారు, చాలాసార్లు సరిగ్గానే నొక్కుతారు.

బొమ్మ పెట్టినప్పుడు చూపులేని విద్యార్థుల కోసం ప్రత్యామ్నాయ వివరణ రాయమని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. తప్పకుండా రాయాలి. అయితే 'ఇది ఏ త్రిభుజం' అన్న ప్రశ్నలో బొమ్మ వివరణగా 'లంబకోణ త్రిభుజం' అని రాస్తే స్క్రీన్ రీడర్ జవాబు చదివి వినిపిస్తుంది. 'ఒక మూలలో చిన్న చతురస్రపు గుర్తు ఉన్న త్రిభుజం' అని రాస్తే అందరికీ ఒకే ప్రశ్న అవుతుంది. తప్పొప్పులను ఎరుపు, పచ్చ రంగులతో మాత్రమే చూపితే రంగులు వేరుచేసి చూడలేనివాళ్లకు అందదు. పక్కన మాటైనా గుర్తయినా ఉండాలి.

ఏ పనిముట్టు, ఏ ఫైలు

వేరే పేర్లతో కనిపించినా పనిముట్లు రెండు జాతులు. హాట్ పొటాటోస్, ఎగ్జీలెర్నింగ్, హెచ్5పీ లాంటివి ప్రశ్నను విద్యార్థి బ్రౌజర్‌లోనే దిద్దుతాయి. అంటే సరైన జవాబు ఆ పేజీతోపాటే విద్యార్థి కంప్యూటర్‌కు చేరిపోతుంది. పేజీ కోడ్ చూడడం తెలిసినవాళ్లకు అది దొరుకుతుంది. నేర్చుకోవడానికి చేసే ప్రశ్నలకు దీనివల్ల నష్టమేమీ లేదు, పైగా నెట్ నెమ్మదిగా ఉన్నా జవాబు నొక్కగానే ఫీడ్‌బ్యాక్ వస్తుంది. మూడిల్ క్విజ్ లాంటివి జవాబును సర్వర్ దగ్గర దిద్దుతాయి. సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకు ఈ రెండో జాతే వాడాలి.

ఒకే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఒకేలా కనిపించే ప్రశ్నలు వేర్వేరు పనులకు ఉండవచ్చు. పాత ఎగ్జీలెర్నింగ్‌లో మామూలు బహుళైచ్ఛిక ప్రశ్న కేవలం స్వీయ అభ్యాసానికి, మార్కులు ఎక్కడికీ పంపదు. మార్కులు కావాలంటే స్కార్మ్ క్విజ్ అనే వేరే రకం ఎంచుకోవాలి. ఇది తెలియక పాఠమంతా తయారు చేసి, చివర్లో మార్కుల పట్టిక ఖాళీగా కనిపించి నిర్ఘాంతపోయినవాళ్లున్నారు.

స్కార్మ్ అంటే పాఠాన్ని ఒక జిప్ ఫైలుగా మూటకట్టి, ఏ లెర్నింగ్ సిస్టమ్‌లోనైనా విప్పుకునేలా చేసే ఒప్పందం. ఇప్పటికీ ఎక్కువగా కనిపించే 1.2 వెర్షన్ 2001 నాటిది. విద్యార్థి ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకోవడానికి అందులో ఇచ్చిన చోటు 4,096 అక్షరాలు మాత్రమే. ప్రశ్నలు మరీ ఎక్కువున్న పాఠంలో మధ్యలో ఆపి మళ్లీ వస్తే మొదటికి పోవడానికి ఇదొక కారణం. అలాంటప్పుడు పాఠాన్ని ముక్కలు చేయడం మంచిది. ఇక ఏ ఆప్షన్ నొక్కారన్న వివరం పంపడం ఆ వెర్షన్‌లో తప్పనిసరి కాదు. చాలాచోట్ల మొత్తం మార్కు ఒక్కటే చేరుతుంది. 0.685 ఎందరు నొక్కారో తెలియకపోతే ఆ ప్రశ్న కోసం పడ్డ కష్టంలో సగం వృథా.

అందుకే ప్రశ్నలను ప్రశ్నలుగా దాచుకునే మార్గం కూడా ఉంచుకోవాలి. క్యూటీఐ అనే ప్రమాణం అందుకోసమే పుట్టింది, ఒక సాఫ్ట్‌వేర్‌లో రాసిన ప్రశ్న ఇంకోదానిలో తెరుచుకోవాలని. వెర్షన్లు ఎక్కువ కావడంతో అన్నిసార్లూ సాఫీగా జరగదు, ముఖ్యంగా ఫీడ్‌బ్యాక్ దారిలో రాలిపోతుంటుంది. నేను ఎక్కువగా నమ్ముకునేది గిఫ్ట్ అనే మామూలు టెక్స్ట్ పద్ధతిని. మన దశాంశాల ప్రశ్న అందులో ఇలా ఉంటుంది:

::దశాంశాలు 1:: కింది వాటిలో పెద్ద సంఖ్య ఏది? {
~0.4 #పక్కన ఒక సున్నా చేర్చి 0.40 అని రాసి, 0.73తో పోల్చి చూడు.
=0.73 #అవును. ఇందులో 7 పదోవంతులున్నాయి.
~0.685 #చుక్క తర్వాతి మొదటి అంకెలను మాత్రం పోల్చి చూడు.
}

సమాన గుర్తు సరైనదానికి, అలల గుర్తు తప్పువాటికి, హ్యాష్ తర్వాతిది ఫీడ్‌బ్యాక్. ఏ ఎడిటర్‌లోనైనా రాసుకోవచ్చు, వందల ప్రశ్నలు ఒకేసారి ఎక్కించవచ్చు. ఒకటే జాగ్రత్త: లెక్కల ప్రశ్నలో సమాన గుర్తు, మీసాల బ్రాకెట్లు మామూలు అక్షరాలుగా రావాలంటే వాటి ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. ఫైలును యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఐకెన్ అని ఇంకా తేలిక పద్ధతి ఒకటుంది. అందులో ఆప్షన్ల ముందు అక్షరాలు, చివర 'ఆన్సర్' అన్న మాట ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. ప్రశ్న తెలుగులో ఉన్నా ఆ మాటను తెలుగులో రాస్తే ఎక్కదు. ఆప్షన్లకు విడి ఫీడ్‌బ్యాక్ రాసే వీలు అందులో లేదు కాబట్టి నాకు అది పెద్దగా ఉపయోగపడలేదు.

పరీక్ష అయ్యాక

విద్యార్థులు రాసేశాక ప్రశ్న పని అయిపోలేదు. మూడిల్ గణాంకాల నివేదికలో ప్రతి ప్రశ్నకూ రెండు అంకెలు చూడాలి. ఒకటి సులభతా సూచిక, ఎంతమందికి సరిగ్గా వచ్చిందన్నది. రెండోది విచక్షణ సూచిక, మొత్తం పరీక్షలో మంచి మార్కులు వచ్చినవాళ్లకు ఈ ప్రశ్న కూడా వచ్చిందా అన్నది. ఈ రెండోది మైనస్‌లో కనిపిస్తే వెంటనే ఆగి చూడండి. బాగా చదివినవాళ్లే తప్పు చేస్తున్నారంటే చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, కీ మార్చి పెట్టి ఉంటారు, లేదా రెండో ఆప్షన్ కూడా ఒక అర్థంలో సరైనదై ఉంటుంది. ప్రశ్నను సరిదిద్ది, మళ్లీ మార్కులు వేయమని ఆదేశం ఇవ్వాలి. దిద్దినంత మాత్రాన ముందు రాసినవాళ్ల మార్కులు వాటంతట అవి మారవు. 2022లో వచ్చిన మూడిల్ 4.0 నుంచి ప్రశ్న పాత రూపాలు కూడా భద్రంగా ఉంటాయి, ఎప్పుడేం మార్చామో వెనక్కి చూసుకోవచ్చు.

ఆ తర్వాత ఒక్కో ఆప్షన్‌ను ఎందరు ఎంచుకున్నారో చూడాలి. ఎవరూ నొక్కని ఆప్షన్ మీద నేను వెంటనే కత్తెర వేయను. ఆ పొరపాటు ఈ బ్యాచ్‌లో ఎవరికీ లేకపోవచ్చు, పాఠంలోనే దాన్ని సరిచేసి ఉండవచ్చు. రెండు మూడు బ్యాచ్‌లలో ఎవరూ ముట్టుకోకపోతే అప్పుడు తీసేస్తాను. కొత్తది దొరికితే పెడతాను, దొరకకపోతే ఖాళీగానే వదిలేస్తాను.

ప్రచురించే ముందు చేసే చివరి పని ఒకటుంది. ప్రివ్యూ తెరిచి సరైన జవాబు నొక్కి, పచ్చ టిక్ చూసి మూసేయడం అందరి అలవాటు. నేను ముందు 0.685 నొక్కుతాను. అక్కడ వచ్చిన వాక్యాన్ని ఆ పిల్ల చదువుతున్నట్టు నెమ్మదిగా చదువుతాను. తర్వాత 0.4. ఆ రెండు వాక్యాల్లో ఏదైనా 'తప్పు' అన్న ఒక్క ముక్కతో ఆగిపోయి ఉంటే, ప్రచురించు బటన్ దగ్గరికి వెళ్లకుండా మళ్లీ ఎడిట్ పేజీకి వెళతాను.